అవధికి మించి

అవధి అనే యంత్రాన్ని సుభాషిణి కోపంతో తయారుచేసింది. ఆ సంగతి ఆమె ఎవరి దగ్గరా దాచలేదు.

జాతీయ మేటి క్రీడా ప్రదర్శన పురస్కారం ఏటా ఒక్కరికే ఇస్తారు. అన్ని ఆటలూ కలిపి, ఏడాది మొత్తంలో ఒకే ఒక్క ప్రదర్శనకి. విలువిద్యనీ ఈతనీ బరువులెత్తడాన్నీ ఎలా పోల్చాలో తెలియక పూర్వం కమిటీ సభ్యులు ఓట్లు వేసుకునేవారు. ఆ ఓట్లు ఎప్పుడూ విదేశీ కోచ్‌లు, అద్దాల జిమ్‌లు ఉన్నవాళ్ళకే పడేవి. పొట్నూరు సుభాషిణి ఒకప్పుడు యూనివర్సిటీ మైదానంలో ఎనిమిది వందల మీటర్లు పరిగెత్తిన మనిషి. చద్దన్నం తిని, ఎవరివో బూట్లు అడిగి వేసుకుని, వెంట్రుకవాసి తేడాతో రెండో స్థానంలో నిలిచింది. గెలిచిన అమ్మాయికి వంటమనిషి, మాలిష్ చేసే మనిషి వేరువేరుగా ఉండేవారు. ఎవరు ముందొచ్చారని కాదు, ఉన్న శరీరంతో ఎవరెంత చేశారని ఎందుకు అడగరు? ఆ ప్రశ్న ఇరవై ఏళ్ళు ఆమెని నిలవనీయలేదు. శరీరధర్మశాస్త్రం చదివి, విశాఖపట్నంలో ప్రయోగశాల పెట్టి, ఆఖరికి ఆ ప్రశ్నకి జవాబుగా ఒక యంత్రాన్ని కట్టింది.

దాని వలయంలో మనిషి నలభై నిమిషాలు పడుకుంటే చాలు. కండరం, నరం, ఎముక, రక్తం చదివి, ఈ శరీరం ఈ ఏడు ఇంతకు మించి చేయలేదని ఒక అంకె చెబుతుంది. ఆ అంకే ఆ మనిషి అవధి. జనవరిలో దేశమంతటా క్రీడాకారులని కొలుస్తారు. ఆ తర్వాత పోటీల్లో ఎవరు తమ అవధిని అందరికన్నా ఎక్కువ శాతం దాటితే పురస్కారం వారికే. శరీరం ఆపద కోసం దాచుకున్న కాస్త బలాన్ని పట్టుదలతో బయటికి లాగినవాళ్ళే మేటి అని కమిటీ ఒప్పుకుంది. పత్రికలు మెచ్చుకున్నాయి. మూడేళ్ళలో ఎవరూ తొమ్మిది శాతం దాటలేదు.

నాలుగో ఏడు జాబితాలో మొదటి పేరు ఎదుట ముప్పై అని ఉంది. పైల ఝాన్సీ, పద్దెనిమిదేళ్ళు, బరువులెత్తే అమ్మాయి. జనవరిలో కొలిచిన అవధి తొంభై రెండు కిలోలు. మే నెలలో జాతీయ పోటీల్లో ఎత్తింది నూట ఇరవై.

ఇరవై శాతం దాటిన ఎవరినైనా యంత్రం కనిపెట్టిన మనిషి స్వయంగా పరీక్షించి సంతకం చేయాలని నిబంధన. ఆ నిబంధన అవసరపడుతుందని సుభాషిణి ఎన్నడూ అనుకోలేదు. చిన్న వలయాన్ని వ్యానులో ఎక్కించుకుని మర్నాడే బయల్దేరింది. దారి పొడవునా ఆమెకి సంతోషంగానే ఉంది. మనిషి పట్టుదలకి ఇంత బలముందా అనుకుంది.

జయకేతన క్రీడా పాఠశాల విజయనగరానికి అవతల ఒక చిన్న పట్నంలో ఉంది. ఆమె వెళ్ళేసరికి మధ్యాహ్నం భోజనాల వేళ. రేకుల షెడ్డులో నలభై యాభై మంది ఆడపిల్లలు బారులు తీరి కూర్చుని తింటున్నారు. డ్రైవరు వలయాన్ని దింపి తలుపు దగ్గర పెట్టాడు. ఒక పిల్ల దాన్ని చూసింది. పక్కపిల్ల మోచెయ్యి పొడిచింది. అంతే, షెడ్డంతా మాటలు ఆగిపోయాయి. పిల్లలందరూ తలలు వంచుకుని గబగబా తినడం మొదలుపెట్టారు. కొందరు నమలకుండా మింగుతున్నారు. ఒకమ్మాయి కోడిగుడ్డుని ఒక్కసారిగా నోట్లో కుక్కుకుని, పొలమారి, నోరు చేత్తో మూసుకుంది.

సుభాషిణి ఆ పిల్ల వీపు నిమిరి నీళ్ళు అందించింది. "మెల్లగా తినమ్మా. ఎందుకంత తొందర?"

ఆ పిల్ల మింగి, ఊపిరి తీసుకుని, వలయం వైపు చూపించింది. "మళ్ళీ కొలతలొచ్చీసాయేటి మేడం? జనవరి కాదు గదా. ఇయ్యాల్టికి తిననిత్తారా?"

సుభాషిణికి వెంటనే అర్థం కాలేదు. అర్థం కావడానికి ఇంకో గంట పట్టింది.

ఝాన్సీ పొట్టిగా, భుజాలు వెడల్పుగా ఉన్న పిల్ల. నమస్కారం పెట్టి, అడగకముందే అప్పజెప్పింది. "నా మనసు గట్టిదండి. అందుకే ఎత్తగలిగాను."

"మంచిదమ్మా. పడుకో."

నలభై నిమిషాలకి యంత్రం చెప్పిన అంకె నూట పద్దెనిమిది. జనవరిలో తొంభై రెండు ఉన్న శరీరం ఎనిమిది నెలల్లో నూట పద్దెనిమిదికి పెరగడం ఏ కసరత్తుతోనూ జరగదు. ఉన్నది పోయి తిరిగి వస్తే తప్ప. సుభాషిణి గుండె తాలూకు రేఖలు తీసి చూసింది. కండరాలన్నీ తిరిగి వచ్చాయి గానీ గుండె గోడ పలచగానే ఉండిపోయింది. నాలుగైదు సార్లు కొట్టుకుంటే ఒకసారి తడబడుతోంది.

ఆమె తలుపు మూసి వచ్చి ఝాన్సీ పక్కన నేల మీద కూర్చుంది. "జనవరికి ముందు నీకు తిండి పెట్టడం ఎన్నాళ్ళు ఆపారమ్మా?"

ఝాన్సీ గొంతులో బాధేమీ లేదు. రోజువారీ సంగతి చెప్పినట్టే చెప్పింది.

"నలభై రోజులండి. నవంబరాఖర్న మొదలెడతారు. పొద్దున్న గ్లాసుడు గంజి, సాయంత్రం ఉప్పునీళ్ళు. ఆదివారం అరటిపండు. కసరత్తు మాత్రం ఆపరు. కొలతయ్యాక మర్నాడు కోడికూర, పరమాన్నం ఎట్టీసినారు. కడుపునిండా తినమన్నారు. భూలక్ష్మి మూడుసార్లు ఏయించుకున్నాది."

"భూలక్ష్మి ఎవరు?"

"నా పక్క మంచం. కెల్ల భూలక్ష్మి. రెండ్రోజులకి దాని కాళ్ళు వాసీసినాయి. మూడోరోజు పొద్దున్న లేపితే లెగనేదు. ఆళ్ళోళ్ళకి జ్వరమని సెప్పినారు."

పస్తులతో ఎండిపోయిన శరీరంలో ఒక్కసారిగా తిండి పడితే రక్తంలోని లవణాలు కణాల్లోకి దూసుకుపోతాయి. గుండె లయ తప్పుతుంది. ఈ పాఠం సుభాషిణి రెండో సంవత్సరం విద్యార్థులకి ఏటా చెబుతుంది. బోర్డు మీద బొమ్మ గీసి మరీ చెబుతుంది.

కోచ్ బెండి తారకేశ్వరరావు తన గదిలో ఆమె కోసం టీ తెప్పించి ఉంచాడు. యాభై దాటిన మనిషి. ఆయనా ఒకప్పుడు బరువులెత్తినవాడే. ఆమె టీ ముట్టుకోలేదు.

"పదిహేనేళ్ళ పిల్లని చంపారు," అంది.

ఆయన కాదనలేదు. కిటికీలోంచి మైదానం వైపు చూస్తూ మాట్లాడాడు. "మీ యంత్రం రాకముందు నేను పిల్లకి రోజుకి మూడు గుడ్లు పెట్టేవాణ్ణి మేడం. పాలు పోసేవాణ్ణి. మీరొచ్చిన మొదటి ఏడు మా పిల్లలు శుభ్రంగా తిని కొలతకెళ్ళారు. అంకెలు పెద్దవొచ్చాయి. ఆ అంకెలు దాటలేక ఒక్కరి పేరూ జాబితాలోకి ఎక్కలేదు. పేరెక్కకపోతే ఉద్యోగం లేదు, స్కాలర్‌షిప్పు లేదు, మాకు గ్రాంటు లేదు. వేరే బళ్ళ పిల్లలు దాటేస్తున్నారు. వాళ్ళకేం తెలుసో నాకు తెలీలేదు."

"ఎవరు నేర్పారు మీకీ పని?"

"మీరే." ఆయన బల్ల సొరుగులోంచి ఒక రిపోర్టు తీసి ఆమె ముందు పెట్టాడు. ఆమె రాసిందే, రెండో ఏటిది. ఆరో పేజీలో ఒక వాక్యం కింద ఎర్రగీత ఉంది. తక్కువ అవధి నమోదైన బాలబాలికల్లో పట్టుదల అనూహ్యంగా ఎక్కువగా కనిపిస్తోంది. "దాన్ని మీరు పట్టుదలన్నారు మేడం. ఆరోజు నాకర్థమైపోయింది. ఎంత ఎత్తారని మీరడగరు. ఎంతకి మించి ఎత్తారని అడుగుతారు. ఆ 'ఎంత' తగ్గించడం తేలిక. అన్నం కుండ మీద మూత పెడితే చాలు."

సుభాషిణి చెయ్యి లేచింది. ఆ చెయ్యి ఆయన చెంప దాకా వెళ్ళకుండా బల్ల మీద పడింది. గ్లాసులో టీ తొణికి ఆరో పేజీ మీదికి పాకింది. కొట్టడానికి తనకి హక్కు లేదని ఆమెకి ఆ క్షణంలోనే తెలిసింది. అది తెలిసినందుకు కోపం ఇంకా పెరిగింది.

ఆ సాయంత్రమే ఆమె ఝాన్సీని వ్యానులో ఎక్కించుకుని విశాఖపట్నం తీసుకెళ్ళి గుండె ఆసుపత్రిలో చేర్పించింది. తర్వాతి రోజంతా ప్రయోగశాలలో కూర్చుంది. తిండి లేని శరీరం తన కండరాన్ని తానే కరిగించుకుని తింటుంది. దాని జాడ రక్తంలో తెలుస్తుంది. అవధి మొదటి ఏటి నుంచీ ఆ జాడని పట్టుకుంటూనే ఉంది. అయితే అది మరీ ఎక్కువమంది పిల్లల్లో కనిపించడంతో, ఇంతమందికి ఉండదులే, యంత్రంలో ఏదో లోపం అనుకుని, ఆ జాడ కనిపిస్తే పక్కకి తోసేయమని ప్రోగ్రాములో రాసింది సుభాషిణే. ఇప్పుడు ఆ వరుస చెరిపేసి, ఈ జనవరి కొలతల్ని మళ్ళీ చదివించింది.

పేర్లు రావడం మొదలైంది. తెర మీద పైకి పోతూనే ఉన్నాయి. పదకొండు వేల మందిలో రెండువేల మూడు వందల నలభై మంది. పదమూడు రాష్ట్రాలు. అందరికన్నా చిన్నది జిమ్నాస్టిక్స్ పిల్ల. పదకొండేళ్ళు.

యంత్రం అబద్ధం చెప్పలేదు. ఈ పిల్లలు ఆకలితో ఉన్నారని నాలుగేళ్ళుగా చెబుతూనే ఉంది. విననిది తను.

కమిటీ అధ్యక్షుడు మాథుర్‌కి ఫోన్ చేసింది. ఆయన పదవీ విరమణ చేసిన పెద్ద అధికారి. గొంతు ఎప్పుడూ పెంచడు. అంతా విని, అందులో కొత్త సంగతేమీ లేనట్టు మాట్లాడాడు.

"చాలా విచారకరం డాక్టర్. వచ్చే ఏడాది నుంచి తప్పకుండా సరిచేద్దాం. జనవరిలో ఒకసారి, జూలైలో ఒకసారి, రెండుసార్లు కొలుద్దాం."

"రెండుసార్లు కొలిస్తే రెండుసార్లు పస్తుంచుతారు."

"మీరు ఆవేశంలో ఉన్నారు. ఆ అమ్మాయి జీడిపప్పు వలిచే ఆవిడ కూతురు. ఇలాంటి పేరు కోసం దేశం ఎదురుచూస్తోంది. మీరిప్పుడు సంతకం చేయకపోతే ఆ పిల్లని మోసగత్తె అంటారు. అది న్యాయమా?"

"చేయను."

"అలాగే," అన్నాడాయన మెత్తగా. "నిబంధనలు మేం రాసినవే కదా."

రెండు రోజుల తర్వాత పత్రికల్లో ఝాన్సీ ఫొటో వచ్చింది. ఆ ఏటి మేటి ప్రదర్శన ఆమెదే. ఆవిష్కర్త సంతకం అవసరమన్న నిబంధనని కమిటీ ఏకగ్రీవంగా సవరించిందని కింద చిన్న అక్షరాల్లో ఉంది.

ఆ పత్రిక పట్టుకునే ఝాన్సీ తల్లి సన్యాసమ్మ పలాస నుంచి ఆసుపత్రికి వచ్చింది. ఆమె వేళ్ళ కొసలు జీడినూనెకి నల్లబడి, చర్మం పొరలు పొరలుగా లేచి ఉన్నాయి. కూతురికి అంత పెద్ద బహుమతి వస్తే ఆసుపత్రికి ఎందుకు రమ్మన్నారో ఆమెకి బోధపడలేదు. సుభాషిణి వరండాలో బెంచీ మీద కూర్చోబెట్టి అంతా చెప్పింది. నలభై రోజుల సంగతి, భూలక్ష్మి సంగతి, ఇకమీదట ఝాన్సీ బరువు ఎత్తకూడదని డాక్టర్లు అన్న సంగతి. ఆ యంత్రం తనదేనని కూడా చెప్పింది.

సన్యాసమ్మ ఏడవలేదు. పత్రికని నాలుగు మడతలు పెట్టి బెంచీ మీద ఉంచింది.

"పస్తుంచడానికైతే అంత దూరం ఎందుకు పంపుతానమ్మా," అంది. "పస్తు నా ఇంటికాడ నేదా? రోజూ గుడ్డెడతారంటే పంపినాను. ఆ గుడ్డు కోసరమే పంపినాను. నాకు మెడళ్ళూ గిడళ్ళూ ఎవులికి కావాల."

"తప్పు నాదమ్మా."

"నీదే," అంది సన్యాసమ్మ. "సదువుకున్న దానివి. పిల్ల ఆకలి మీద ఉందా, తిని ఉందా అని సూడ్డానికి నాకైతే యంత్రం అక్కర్నేదు. మొకం సూత్తే తెలుత్తాది. నువ్వు ఒక్కనాడైనా ఒక్క పిల్ల మొకం సూసినావా?"

నాలుగేళ్ళలో సుభాషిణి అంకెలు తప్ప మరేమీ చూడలేదు.

లోపల మంచం మీద ఝాన్సీ అంతా వింటూనే ఉంది. వాళ్ళు గదిలోకి రాగానే లేచి కూర్చుంది. ఆ పిల్ల కోపం ఇంకో రకం.

"మీకు కోపమొస్తే మీ యంత్రాన్ని బద్దలుగొట్టుకోండి మేడం. నా బహుమతి జోలికి రాకండి. నూట ఇరవై ఎత్తింది నానే. అది దొంగలెక్క కాదు. నలభై రోజులు తినకుండా బతికినాను, మళ్ళీ లెగిసి ఎత్తినాను. ఇంతకన్నా పెద్ద ఆట ఈ ఏడు ఎవలాడినారో సెప్పండి."

సుభాషిణి మంచం పక్కన నిలబడి నెమ్మదిగా చెప్పింది. "ఎవరూ ఆడలేదమ్మా. నీ అసలు అవధి నూట పద్దెనిమిది. దెబ్బతిన్న గుండెతో దాని మీద రెండు కిలోలు ఎత్తావు. ఆ రెండు కిలోలూ నీవి. ఎవరూ తీసుకోలేరు. నువ్వు ఢిల్లీ వెళ్ళి ఆ పురస్కారం తెచ్చుకుంటే నేనొక్క మాటా అనను. కానీ నువ్వా వేదిక ఎక్కిన మర్నాటి నుంచి దేశంలో ఏ కోచ్ నలభై రోజులతో ఊరుకోడు. యాభై అంటాడు. ఝాన్సీ చేసింది, నువ్వు చేయలేవా అంటాడు. నేను మాత్రం భూలక్ష్మి గురించి పోలీసుల దగ్గరికి వెళ్తున్నాను. ఆ గదిలో జరిగింది చూసిన మనిషి నువ్వు. రమ్మని అడగడానికి నాకు మొహం లేదు. అయినా అడుగుతున్నాను."

ఝాన్సీ గోడ వైపు తిరిగి పడుకుంది. "మీరెళ్ళండి," అంది.

రెండు వారాలు గడిచాయి. సుభాషిణి రెండువేల మూడు వందల నలభై పేర్లనీ అచ్చు తీయించి, ఒక ప్రతి పత్రికలకి, ఒకటి మంత్రిత్వశాఖకి పంపింది. మంత్రిత్వశాఖ రహస్య సమాచారం బయటపెట్టినందుకు ఆమెకి నోటీసిచ్చి, ప్రయోగశాలకి తాళం వేయించింది. పత్రికలు రెండు రోజులు రాసి, మూడో రోజు పురస్కార ప్రదానానికి ఎవరెవరు వస్తున్నారో రాయడం మొదలుపెట్టాయి. జయకేతనలో పిల్లల చేత, మాకు రోజూ మూడుపూటలా పెడుతున్నారు అని కాగితాల మీద సంతకాలు పెట్టించారు. భూలక్ష్మి తండ్రి దగ్గరికి ఆమె రెండుసార్లు వెళ్ళింది. మొదటిసారి ఆయన తలుపు తీయలేదు. రెండోసారి తీసి, ఫిర్యాదు మీద వేలిముద్ర వేసి, లోపలికి వెళ్ళిపోయాడు.

ఆ ఫిర్యాదు తీసుకుని, ప్రదానోత్సవం రోజున పదకొండు గంటలకి, ఆమె ఆ చిన్న పట్నం పోలీస్ స్టేషనుకి వెళ్ళింది. ఆ రోజే వెళ్ళాలని అనుకోలేదు. అంతకుముందు మూడుసార్లు వెళితే సబ్ ఇన్‌స్పెక్టర్ బందోబస్తు పని మీద ఉన్నాడన్నారు. వెళ్ళే ప్రతిసారీ ముందు రోజే సన్యాసమ్మకి కబురు పెట్టేది. ఇవాళ ఉన్నాడు. కుర్రవాడు, కొత్తగా వచ్చినట్టున్నాడు. మూల బల్ల మీద టీవీలో ఢిల్లీ నుంచి కార్యక్రమం వస్తోంది. ఇద్దరు కానిస్టేబుళ్ళు నిలబడి చూస్తున్నారు.

ఎస్సై కాగితం చదివి నుదురు రుద్దుకున్నాడు. "ఎనిమిది నెలల కిందటి చావు మేడం. డాక్టరు జ్వరమని రాసిచ్చాడు. సాక్షి లేకుండా నేనేం చేసేది? పైగా నిందితుల పేర్లు ఇద్దరివి రాశారు. మొదట కోచ్ తారకేశ్వరరావు పేరు ఉండాలి కదా. ఈ మొదటి పేరు ఎవరిది?"

"నాది."

ఆయన తలెత్తి చూశాడు.

"పొట్నూరు సుభాషిణి. నేనే," అంది ఆమె. "పిల్లని పస్తుంచిన మనిషి రెండోవాడు. పస్తుంచితే బహుమతిస్తామని చెప్పిన మనిషిని నేను. ఆ వరుసలోనే రాసుకోండి. పై నుంచి ఎవరైనా ఫోన్ చేసి నా పేరు తీసేయమంటే తీయకండి. నా పేరు ఉంటేనే యంత్రం కోర్టుకి వస్తుంది. యంత్రం వస్తే కమిటీ వస్తుంది."

ఎస్సై ఇంకేదో అనబోతూ గుమ్మం వైపు చూశాడు. సన్యాసమ్మ లోపలికి వస్తోంది. ఆమె భుజం పట్టుకుని, రెండు అడుగులకోసారి ఆగుతూ ఝాన్సీ వస్తోంది. బస్సు దిగి అక్కడి దాకా నడిచినందుకే ఆ పిల్ల మొహమంతా చెమట పట్టి ఉంది. సుభాషిణి లేచి కుర్చీ ఇచ్చింది. ఝాన్సీ ఆమె మొహంలోకి చూడలేదు. కూర్చుంది.

"మీ కోసరం రానేదు," అంది. "ఆ గంజి రోజుల్లో భూలక్ష్మి తన ఆదివారం అరటిపండు సగం విరిసి నాకెట్టీది. నానెత్తాలని. అది నిద్దర్లో కనిపిత్తంది."

టీవీలో చప్పట్లు మోగాయి. ఈ ఏటి మేటి క్రీడా ప్రదర్శన అంటూ హిందీలో ఒక గొంతు గంభీరంగా మొదలుపెట్టి, పైల ఝాన్సీ అని పిలిచింది. కెమెరా వేదిక మీదికి, మెట్ల మీదికి, మొదటి వరుస మీదికి తిరిగింది. ఎవరూ లేవలేదు. గొంతు రెండోసారి పిలిచింది. ఒక కానిస్టేబుల్ తెర మీద ఫొటో చూసి, వెనక్కి తిరిగి కుర్చీలో ఉన్న పిల్లని చూశాడు.

"ఆ పిల్లవి నువ్వేనా?"

ఝాన్సీ ఎస్సై ముందున్న తెల్లకాగితం వైపే చూస్తోంది.

"రాసుకోండి సార్," అంది. "దాని పేరు కెల్ల భూలక్ష్మి. పదిహేనేళ్ళు. నలభై అయిదు కిలోల తరగతి."

ఎస్సై టీవీ ఆపమని చెయ్యి ఊపాడు. కలం మూత తీశాడు.